తీసిన చోటే మళ్ళీ గుర్రపు డెక్క

వేసవిలో కాలువలు కట్టేయగానే గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఒక పని మొదలవుతుంది. గట్టు మీద పొక్లెయిన్ నిలబడి, పొడవాటి చెయ్యి చాచి, పరుపులా పేరుకున్న గుర్రపు డెక్కను తోడి ఒడ్డున పోస్తుంది. జూన్‌లో నీళ్లు వదిలే నాటికి కాలువ శుభ్రంగా ఉంటుంది. దసరా నాటికి వంతెన ఖానాల దగ్గర పచ్చటి చాపలు తేలతాయి. సంక్రాంతికి చాలా చోట్ల నీళ్లే కనిపించవు. మళ్ళీ వేసవి, మళ్ళీ టెండరు, మళ్ళీ పొక్లెయిన్.

ఈ తంతు ఎందుకు ఇలా నడుస్తోందని అడిగితే అధికారులు నిధులు చాలవంటారు. రైతులు కాంట్రాక్టర్లు పైపైన గీకి వెళ్లారంటారు. రెండింట్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ నిధులు పుష్కలంగా ఉన్న దేశాల్లో కూడా ఈ మొక్క నూరేళ్లకు పైగా మనుషుల్ని ఇలాగే తిప్పుతోంది. నీళ్లలో చొరబడ్డ మొక్కను చేత్తోనో యంత్రంతోనో తీసేయడం ఎంతవరకు పని చేస్తుంది, ఎక్కడ చతికిలపడుతుంది? ఈ ప్రశ్నను ఒకసారి మొదటి నుంచి చూడాలి.

చేతిలోకి తీసుకుని చూస్తే

ఒక మొక్కను నీళ్లలోంచి పైకి లాగండి. ఆకు గుండ్రంగా, గుర్రపు గిట్టలా ఉంటుంది. పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆకు కాడ మొదట్లో చిన్న బుడ్డిలా ఉబ్బి ఉంటుంది. గోరుతో నొక్కితే స్పాంజిలా అణుగుతుంది, లోపలంతా గాలి. మొక్క తేలేది ఆ గాలితోనే. కింద నల్లగా, ఊదాగా, ఈకల కుచ్చులా వేళ్లు వేలాడుతుంటాయి. మట్టితో వాటికి పని లేదు, తిండి నీళ్లలోంచే పీల్చుకుంటాయి.

ఇప్పుడు పక్కకు చూడండి. తల్లి మొక్క నుంచి వేలెడు లావు కాడ ఒకటి అడ్డంగా పాకి, దాని చివర పిల్ల మొక్క మొలిచి ఉంటుంది. ఆ పిల్లకు ఇంకో పిల్ల. ఒకటి లాగితే నాలుగు వస్తాయి, మధ్యలో ఆ కాడ పుటుక్కున తెగుతుంది. తెగిన ముక్కకు మొగ్గ ఉంటే చాలు, అది నీళ్లలో కొట్టుకుపోయి మరో చోట కొత్త కాపురం పెడుతుంది. యంత్రంతో తీసేటప్పుడు జారిపడే ముక్కల కథంతా ఇదే.

వేడి, ఎండ, ఎరువు కలిసిన నీళ్లు దొరికితే ఈ మొక్కల సంఖ్య వారం, రెండు వారాల్లో రెట్టింపవుతుంది. రెండు వారాల లెక్కే వేసుకుందాం. జూన్ నెలాఖరున ఒక వంతెన కింద పది మొక్కలు మిగిలాయనుకుంటే, ఇరవై వారాలకు, అంటే నవంబరు మధ్యకు, అవి పది వేలు దాటుతాయి. ఈ లెక్కలో పైనుంచి కొట్టుకొచ్చేవి లేవు.

అదీగాక గింజలున్నాయి. లేత ఊదా రంగు పువ్వు వాడాక కాడ వంగి, కాయ నీళ్లలోకి వాలి గింజలు రాలుస్తుంది. అవి అడుగు బురదలో 15 నుంచి 20 ఏళ్ల వరకు మొలిచే శక్తితో పడి ఉండగలవు. నీళ్లు దిగి, బురద తేలి, ఎండ తగిలితే మొలకెత్తుతాయి. కాలువలు కట్టేసే వేసవిలో మనం వాటికి సమకూర్చేది సరిగ్గా ఆ వాతావరణమే. పాత మొక్కలను ఎండబెట్టే కాలమే కొత్త మొలకలను లేపే కాలం కూడా.

అందం కోసం తెచ్చుకున్న పీడ

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహం. అక్కడ దాన్ని తినే పురుగులున్నాయి, తెగుళ్లున్నాయి, కాబట్టి అదుపులో ఉంటుంది. పువ్వు అందానికి ముచ్చటపడి ఉద్యానాల కోసం 19వ శతాబ్దంలో మనుషులే దాన్ని దేశాలు దాటించారు. శత్రువులు అక్కడే ఉండిపోయారు, మొక్క ఒక్కటే వచ్చింది. 2023లో వెలువడిన, జీవవైవిధ్యంపై పనిచేసే ఐపీబీఈఎస్ అనే అంతర్జాతీయ సంస్థ నివేదిక ప్రపంచంలో అత్యంత విస్తారంగా పాకిన చొరబాటు జాతుల్లో దీన్ని మొదటి స్థానంలో నిలబెట్టింది.

నష్టాలు మనకు కొత్త కాదు. కాలువలో నీటి వేగం తగ్గి శివారు భూములకు తడి అందదు. మురుగు డ్రెయిన్లలో ఖానాలు మూసుకుపోయి, వానాకాలంలో నాట్లు వేసిన చేలు రోజుల తరబడి మునుగుతాయి. కింద వెలుతురు లేక, ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. దోమల సంగతి ఇంకా విచిత్రం. బోదకాలు వ్యాధిలో ఒక రకాన్ని మోసే మాన్సోనియా దోమ పిల్లలు గాలి కోసం నీటి పైకి రానక్కర్లేదు. ఇలాంటి మొక్కల వేళ్లకు గుచ్చుకుని, వాటిలోని గాలినే పీల్చుకుంటాయి. మూసీ ఒడ్డున, హైదరాబాద్ చెరువుల పక్కన ఉండేవాళ్లు దోమలకూ డెక్కకూ ముడిపెట్టి మాట్లాడటంలో అర్థం ఉంది.

చెయ్యి, యంత్రం, అడ్డుతాడు

తీసే పద్ధతుల్లో అన్నిటికంటే పాతది మనిషి చెయ్యి. మొలలోతు నీళ్లలో దిగిన కూలీలు డెక్కను కొడవళ్లతో దిమ్మలుగా కోసి, తాడు చుట్టి, ఒడ్డుకు ఈడ్చి, పంగల కర్రతో పైకి ఎత్తుతారు. జలగలు, పాములు, అడుగున గాజు పెంకులు, మురుగు నీటి దురదలు: ఇవన్నీ ఆ కూలిలో భాగమే. చేతి పని మెల్లగా సాగుతుంది, కానీ ఒక గొప్ప సుగుణం ఉంది. మనిషి కంటికి పిల్ల మొక్క కనిపిస్తుంది. గట్టు వారన తూటికాడల మధ్య దాక్కున్న నాలుగు మొక్కలను ఏరగలిగేది చెయ్యి మాత్రమే. బోదెలకు, చిన్న చెరువులకు, యంత్రం తిరిగి వెళ్లిన తర్వాతి ఏరివేతకు దీన్ని మించింది లేదు.

పొక్లెయిన్ బలం దాని వేగంలో ఉంది. గట్టు మీద దారి ఉండి, కాలువ వెడల్పు దాని చెయ్యి అందేంత ఉంటే ఒక పూటలో కూలీలకు రోజులు పట్టే పని ముగిస్తుంది. వెడల్పాటి కాలువలో మధ్య భాగం అందదు. అప్పుడు యంత్రాన్ని పంటు మీద ఎక్కించి నీళ్లలోకి దింపాలి. గట్లను గోకి బలహీనపరచడం, డెక్కతో పాటు మట్టినీ చేప పిల్లలనూ ఎత్తిపోయడం దీని లోపాలు.

చెరువులకు, సరస్సులకు కోత యంత్రాలు వచ్చాయి. పడవలాంటి దాని ముందు భాగంలో కత్తులు, వాటి వెనక పైకి ఎక్కించే బెల్టు ఉంటాయి. కోసిన డెక్క బెల్టు మీదుగా పడవలోకి చేరుతుంది. చూడటానికి ముచ్చటైన యంత్రం. అయితే పడవ నిండగానే ఒడ్డుకు రావాలి, దించాలి, మళ్ళీ వెళ్లాలి. ఒడ్డు దూరమైతే కోసే సమయం కంటే తిరిగే సమయమే ఎక్కువవుతుంది. యంత్రం కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న గంటకు ఎంత కోస్తుందని కాదు, దించే రేవు ఎంత దూరమని.

ఈ మోత తప్పించడానికి డెక్కను నీళ్లలోనే తుక్కుతుక్కుగా నరికేసే యంత్రాలు కూడా ఉన్నాయి. విక్టోరియా సరస్సులో కెన్యా వైపు 1990ల చివర్లో వాటిని వాడారు. నరికిన తుక్కు అడుగుకు చేరి కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువును తినేస్తుంది. కుళ్లినదంతా మళ్ళీ మిగిలిన మొక్కలకే ఎరువు. పూర్తిగా నలగకుండా మిగిలిన ముక్కలు ఎలాగూ మొలుస్తాయి. పారే నీళ్లలో, అత్యవసరంగా దారి తెరవాల్సిన చోట తప్ప దీన్ని మెచ్చుకోవడం కష్టం.

వీటన్నిటికీ సాయంగా ఉండే చవకైన పరికరం అడ్డుతాడు. తేలే డబ్బాలు గానీ, వెదుళ్లు గానీ కట్టిన తాడును కాలువకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా కడితే కొట్టుకొచ్చే డెక్క ఒక మూలకు చేరుతుంది. ప్రవాహమే కూలీ అవుతుంది. వంతెనలకు, లాకులకు ఎగువన ఇలాంటి అడ్డు పెట్టి, రోజూ ఆ మూలన తోడితే కాలువంతా తిరగాల్సిన పని తగ్గుతుంది. ఇందులోనే ఇంకో సూత్రం ఉంది: పని ఎగువన మొదలుపెట్టి దిగువకు రావాలి. ఏ ఊరికి ఆ ఊరు, ఏ సెక్షనుకు ఆ సెక్షను విడివిడిగా తీసుకుంటే పైవాడి డెక్క కిందవాడి కాలువలోకి చేరుతూనే ఉంటుంది.

కుప్ప ఎక్కడ పోయాలి?

అసలు చిక్కు తీయడంలో కంటే మోయడంలో ఉంది. ముదిరి గట్టిపడ్డ డెక్క హెక్టారుకు 200 నుంచి 400 టన్నుల దాకా తూగుతుంది. 20 మీటర్ల వెడల్పు కాలువలో ఒక్క కిలోమీటరు అంటే రెండు హెక్టార్లు. అంటే 400 నుంచి 800 టన్నులు. పది టన్నుల టిప్పరు వేసుకుంటే 40 నుంచి 80 ట్రిప్పులు. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే డెక్క బరువుకు ముందే టిప్పరును తన పొంగుతో నింపేస్తుంది. ఆ బరువులో నూటికి 95 పాళ్లు నీళ్లే. డీజిలు కాల్చి మనం ఊరు దాటించేది చాలావరకు కాలువ నీళ్లనే.

అందుకే అందరూ దగ్గరి దారి పడతారు: గట్టు మీదే పోసి వెళ్లిపోతారు. ఎండ బాగా కాసి, పల్చగా పరిచి, ఒకటి రెండుసార్లు తిరగేస్తే ఇది తప్పు పద్ధతి కూడా కాదు, బరువులో ఎక్కువ భాగం గాలికే పోతుంది. కానీ కుప్పగా పోస్తే పైన ఎండుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. తొలకరి వానకు గట్టు జారి, కుప్ప అంచు కాలువలోకి దిగుతుంది. లోపలి మొక్క కళ్లు తెరుస్తుంది. పల్లెల్లో 'తీసిందే మళ్ళీ వచ్చింది' అనే మాట వెటకారంగా అన్నా, అక్షరాలా నిజం.

మరి ఉపయోగం మాటేమిటి? కంపోస్టు, వానపాముల ఎరువు, బయోగ్యాస్, బుట్టలు, చాపలు, కాగితం. జాబితా పెద్దదే. వీటిలో మన్నికగా నిలిచిన ఉదాహరణ పక్క దేశంలో ఉంది. బంగ్లాదేశ్ దక్షిణ జిల్లాల్లో రైతులు డెక్కను పొరలు పొరలుగా పేర్చి, నీళ్ల మీద తేలే మడులు కట్టి, వాటిపై కూరగాయలు, నారు పెంచుతారు. 2015లో ఆహార వ్యవసాయ సంస్థ ఆ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడ డెక్కను మోయనవసరం లేదు, ఉన్న చోటే పని చేస్తుంది. మిగతా ఉపయోగాలన్నీ ఆ 95 పాళ్ల నీటి దగ్గరే తడబడతాయి. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఈ మొక్క భారలోహాలను పీల్చి దాచుకుంటుంది. ఫ్యాక్టరీల మురుగు చేరే నీళ్లలో పెరిగిన డెక్కను పరీక్షించకుండా పశువులకు మేపడం, కూరగాయల మడికి ఎరువుగా వేయడం మంచిది కాదు.

ఉపయోగం మీద ఆశ పెట్టుకోవడంలో మరో ఇరకాటం ఉంది. డెక్కతో బతుకుదెరువు ఏర్పడితే, డెక్క ఉండాలని కోరుకునేవాళ్లు తయారవుతారు. తీయడానికి అయ్యే ఖర్చులో కొంత రాబట్టుకోవడానికి ఉపయోగం మంచిదే. అదుపు చేసే పద్ధతిగా మాత్రం దాన్ని నమ్ముకోలేం.

నూరేళ్ల అనుభవం

డెక్కతో మొదట పోరాడిన ప్రభుత్వాల్లో అమెరికా ఒకటి. 1899లో ఒక చట్టం చేసి, ఫ్లోరిడా, లూసియానా నదుల్లో డెక్కను తొలగించే పని సైనిక ఇంజనీర్లకు అప్పగించింది. వాళ్లు నలిపే పడవలు నడిపారు. తర్వాత ఆర్సెనిక్ మందు చల్లారు, పశువులు చచ్చాయి. 1910లో లూసియానా ప్రతినిధి రాబర్ట్ బ్రుసార్డ్ ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలను దిగుమతి చేసుకుంటే అవి డెక్కను తింటాయి, వాటిని మనం తింటామని ఏకంగా బిల్లే పెట్టాడు. అది నెగ్గలేదు.

బెంగాల్‌లో ఈ మొక్కను 'జర్మన్ పానా' అనేవారు. వరి పొలాలూ పడవ దారులూ మూసుకుపోయేసరికి 1936లో డెక్క కోసమే ప్రత్యేక చట్టం వచ్చింది. తన స్థలంలో డెక్కను ఉంచుకోవడం నేరం, తొలగింపులో పాల్గొనడం బాధ్యత. 1937 ఎన్నికల్లో పార్టీల ప్రణాళికల్లో డెక్క నిర్మూలన హామీగా చేరింది. గెలిచిన ఫజ్లుల్ హక్ ప్రభుత్వం ఊళ్లను కదిలించి తొలగింపు ఉద్యమం నడిపింది. దశాబ్దం తిరిగేసరికి తీవ్రత బాగా తగ్గింది. అక్కడ పని చేసిన ఆయుధం యంత్రం కాదు, అందరూ ఒకే కాలంలో తీయడం. పొరుగు చెరువులో విత్తనం మిగలకపోతేనే మన చెరువు తీసిన ఫలం దక్కుతుంది.

విక్టోరియా సరస్సులో 1990ల చివరికి డెక్క దాదాపు 20,000 హెక్టార్లు కప్పింది. కిసుము రేవులో పడవలు ఆగాయి. ఉగాండా ఓవెన్ ఫాల్స్ జలవిద్యుత్ కేంద్రం దగ్గర, రేవుల దగ్గర యంత్రాలతో తీసింది. సరస్సు మొత్తాన్ని యంత్రాలతో తీయడం సాధ్యమయ్యే పని కాదు. అప్పటికే, దక్షిణ అమెరికాకు చెందిన రెండు రకాల నియోకెటినా ముక్కు పురుగులను వదిలారు. చివరికి ఆ పురుగులు, వాటితో పాటు 1997–98 ఎల్‌నినో గాలివానలు కలిసి డెక్కను కూల్చాయి. 2006 తర్వాత అది కొంత మళ్ళీ తలెత్తింది. కానీ యంత్రం ఎక్కడ, పురుగు ఎక్కడ అనే పని పంపకం అక్కడ స్పష్టంగా కనిపించింది.

ఆ పురుగులు మన దేశానికి అంతకంటే ముందే, 1980ల్లో వచ్చాయి. బెంగళూరు చెరువుల్లో వదిలి మంచి ఫలితాలు చూశారు. మరి మన కాలువల్లో ఎందుకు కనిపించవు? పురుగు పనికి ఏళ్లు పడుతుంది, దానికి కదలని డెక్క కావాలి. ఏటా కట్టేసే కాలువలో, ఏటా తోడేసే డెక్కలో దాని సంతతి నిలవదు. ఏడాదంతా నీళ్లుండే సరస్సులకు పురుగు, పారే కాలువలకు చెయ్యీ యంత్రమూ తగినవి. కలుపు మందు చల్లితే డెక్క త్వరగా చస్తుంది, కానీ చచ్చింది అక్కడే కుళ్లుతుంది. తాగునీటికీ సాగుకూ వాడే కాలువలో ఆ దారి తొక్కే ముందు పదిసార్లు ఆలోచించాలి.

అన్నిటికంటే విలువైన పాఠం ఫ్లోరిడాది. 1950ల చివరికి అక్కడ డెక్క లక్షా పాతిక వేల ఎకరాలు దాటింది. నిండాక తీయడం మానుకుని, 1970ల నుంచి ఏడాది పొడవునా గస్తీ తిరుగుతూ ఎప్పటికీ కొద్దిపాటి శాతాన్ని మించనివ్వని పద్ధతికి మారారు. వాళ్లు ఎక్కువగా మందునే వాడారు. అయినా సూత్రం చేతి పనికీ అంతే వర్తిస్తుంది: కొద్దిగా ఉన్నప్పుడే మళ్ళీ మళ్ళీ తీస్తే మొత్తం మీద పడే పనీ ఖర్చూ తగ్గుతాయి, నీళ్లకు జరిగే హానీ తగ్గుతుంది.

ఎరువు ఆగకపోతే

డెక్క రోగం కాదు, లక్షణం అనేవాళ్లున్నారు. పూర్తిగా ఒప్పుకోలేం, ఎందుకంటే శుభ్రమైన నీళ్లలో కూడా అది మెల్లగా పెరుగుతుంది. కానీ దాని దూకుడు నత్రజని, భాస్వరాల మీద ఆధారపడుతుంది. కొల్లేరు చూడండి. 1999లో అభయారణ్యం, 2002లో రామ్సర్ స్థలం, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేల. 2006లో అక్రమ చేపల చెరువుల గట్లను పేల్చారు. అయినా చుట్టుపక్కల చెరువుల మురుగు, పొలాల ఎరువు, పట్టణాల మురికి బుడమేరు, తమ్మిలేరులాంటి ఏరుల గుండా సరస్సులోకి వస్తూనే ఉన్నాయి. కొల్లేటి నీళ్లు సముద్రానికి చేరే ఏకైక దారి ఉప్పుటేరు. అది పూడుకుపోయి, డెక్క అల్లుకుంటే ఎరువు కలిసిన నీళ్లు సరస్సులోనే నిలుస్తాయి, డెక్కకు అదే కావాలి.

ఉప్పు నీళ్లంటే ఈ మొక్కకు పడదు. సముద్రపు పోటు బలంగా తగిలే చోట అది బతకదు. కేరళలో వెంబనాడు సరస్సుకు అడ్డంగా 1970ల్లో తన్నీర్‌ముక్కం అడ్డుకట్ట కట్టి, వరి కోసం ఉప్పు నీటిని ఆపారు. ఉప్పు ఆగిన వైపు డెక్కకు అడ్డు లేకుండా పోయింది. నీటి దారిని మార్చే ప్రతి కట్టడం డెక్క భవిష్యత్తును కూడా నిర్ణయిస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

తీర్పు

చేత్తోనో యంత్రంతోనో డెక్కను తీయడం వ్యర్థం కాదు. కాలువల్లో, డ్రెయిన్లలో, వంతెనల దగ్గర దానికి సాటి వచ్చే పద్ధతి లేదు. వ్యర్థమైంది మన క్యాలెండరు, మన కొలత. కాలువ నిండాక ఒకసారి తీయించి, తీసిన మేర కొలిచి బిల్లు చెల్లిస్తున్నాం. దాంతో నిండటమే పనికి ముందు షరతు అవుతోంది. దానికి బదులు, జూన్ నుంచి జనవరి దాకా ఫలానా రెండు వంతెనల మధ్య నీళ్లు తెరిపిగా ఉంచినందుకు నెలనెలా చెల్లిస్తే, కాంట్రాక్టరుకు కూడా పది మొక్కలున్నప్పుడే తీయడం లాభం. యంత్రం వేసవిలో ఒకసారి రావచ్చు. ఆ తర్వాత ఎగువన అడ్డుతాడు, దాని దగ్గర రోజూ ఇద్దరు మనుషులు, పదిహేను రోజులకోసారి గట్టు వెంట ఏరివేత, తీసినదాన్ని గట్టు దాటించి పల్చగా ఎండబెట్టడం జరగాలి.

1997లో చేసిన చట్టంతో ఏర్పడిన రైతుల సాగునీటి సంఘాలకు ఇది శక్తికి మించిన పని కాదు. మీ ఊరి కాలువ మీద వంతెన దాటేటప్పుడు ఖానా మూలన నాలుగు ఊదా పువ్వులు కనిపిస్తే ఫొటో తీసుకుని వెళ్లిపోకండి. సంఘం అధ్యక్షుడికి చెప్పండి. ఆ రోజు అది ఒక మనిషికి ఒక పూట పని. సంక్రాంతి నాటికి అది టెండరు పని.